అరుదైన చిప్పుల మీద యునిక్స్ బతకాలి

డెబియన్ లినక్స్ వాడేవాళ్లకు ఆప్ట్ లేనిదే పని జరగదు. కొత్త ప్రోగ్రామును దించుకోవాలన్నా, పాతదాన్ని తాజా చేసుకోవాలన్నా ఆ సాధనమే దిక్కు. 2025 అక్టోబరు 31న దాని నిర్వాహకుల నుంచి డెవలపర్లకు ఒక ప్రకటన వెళ్లింది. 2026 మే తరువాత ఆప్ట్‌లో భద్రత కోసం కొంత కోడ్ రస్ట్ భాషలో ఉంటుందని, తమ ప్రాసెసర్‌కు రస్ట్ కంపైలర్ లేని పోర్టులవాళ్లు, అంటే ఆయా ప్రాసెసర్లకు డెబియన్‌ను తరలించి చూసుకునేవాళ్లు, ఆరు నెలల్లో దాన్ని సమకూర్చుకోవాలని, అది కుదరకపోతే పోర్టుకు స్వస్తి చెప్పాలని దాని సారాంశం. ఈ గడువు నేరుగా తగిలేది నాలుగు ప్రాసెసర్ కుటుంబాలకు: డెక్ ఆల్ఫా, హెచ్‌పీ పీఏ-రిస్క్, హిటాచీ సూపర్‌హెచ్, మోటరోలా 68000. చివరిది తప్ప మిగతా మూడూ రిస్క్ చిప్పులే.

ఈ యంత్రాలేవీ ఇప్పుడు దుకాణాల్లో దొరకవు. ఆల్ఫా కంప్యూటర్లకు హెచ్‌పీ 2007లోనే ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. మరుసటి ఏడాది పీఏ-రిస్క్ సర్వర్ల వంతు వచ్చింది. సూపర్‌హెచ్ ఎవరికైనా గుర్తుంటే అది సెగా డ్రీమ్‌కాస్ట్ ఆటల పెట్టె పుణ్యమే. అందుకే ఈ గడువు న్యాయమని చాలామంది అంటారు. గుప్పెడు మంది అభిమానుల కోసం కోట్లమంది భద్రతను వాయిదా వేస్తారా అని అడుగుతారు. ప్రశ్న సబబైనదే. కానీ వాడుకరుల తలలు లెక్కపెడితే దానికి జవాబు దొరకదు. అరుదైన రిస్క్ ప్రాసెసర్ల మీద యునిక్స్ తరహా వ్యవస్థలను నడుపుతూ వచ్చినందువల్ల ఆ యంత్రాల యజమానులకంటే బయటివాళ్లే ఎక్కువ లాభపడ్డారు. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను మొదలుకొని ఇస్రో కోసం చండీగఢ్‌లో తయారైన చిప్పు దాకా ఆ లాభం ఆనవాళ్లున్నాయి. కాబట్టి ఆ పోర్టులు బతకాలి. వాటిని బతికించే భారం కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తల మీదే వదిలేయడం తప్పు.

రిస్క్ అనే ఆలోచన 1970లలో ఐబీఎంలో జాన్ కాక్ బృందం 801 అనే ప్రయోగాత్మక యంత్రంతో మొదలుపెట్టింది. ప్రాసెసర్‌కు సంక్లిష్టమైన ఆదేశాలు నేర్పే బదులు, తక్కువ రకాల సరళమైన ఆదేశాలను చకచకా నడిపించి, మిగతా తెలివిని కంపైలర్‌కు అప్పగించడం అందులోని కిటుకు. 1980ల మొదట్లో బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెసీ దాన్ని పూర్తి రూపానికి తెచ్చారు. ఆ కృషికే ఇద్దరికీ 2017 ట్యూరింగ్ పురస్కారం దక్కింది. ఆ దశాబ్దం ముగిసే సరికి పెద్ద కంపెనీలన్నీ ఈ బాట పట్టాయి. సన్‌కు స్పార్క్, సిలికాన్ గ్రాఫిక్స్‌కు మిప్స్, హెచ్‌పీకి పీఏ-రిస్క్ వచ్చాయి. ఆ తరువాత ఐబీఎం పవర్‌నూ, డెక్ 1992లో ఆల్ఫానూ తెచ్చాయి. ప్రతి కంపెనీకీ సొంత చిప్పు, దాని మీద నడిచే సొంత యునిక్స్. ఇంటెల్ చిప్పులు చవకగా, వేగంగా తయారవుతూ పోవడంతో పదిహేనేళ్లు తిరిగేలోపు ఈ సామ్రాజ్యాల్లో చాలావరకు కూలిపోయాయి.

యంత్రాలు పోయాక కూడా వాటి మీద యునిక్స్ మిగిలిందంటే, ఆ వ్యవస్థ పుట్టుకలోనే అందుకు కారణం ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్‌ను 1973లో సీ భాషలో తిరగరాశారు. 1977లో అటు బెల్ ల్యాబ్స్‌లోనూ, ఇటు ఆస్ట్రేలియాలోని వులాంగాంగ్ విశ్వవిద్యాలయంలోనూ రెండు బృందాలు వేర్వేరుగా దాన్ని పీడీపీ-11 నుంచి ఇంటర్‌డేటా యంత్రాలకు తరలించాయి. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను దానికి పూర్తిగా కొత్తదైన హార్డ్‌వేర్ మీద నిలబెట్టవచ్చని అప్పుడు రుజువైంది.

ఆ తొలి తరలింపుల కాలం నుంచే ఒక చిక్కు ఇంజినీర్లకు సుపరిచితం. తేదీని కొందరు రోజుతో మొదలుపెట్టి రాస్తారు, కొందరు ఏడాదితో మొదలుపెడతారు. ప్రాసెసర్లూ అంతే. ఒక పెద్ద సంఖ్యను మెమరీలో పెట్టేటప్పుడు కొన్ని చిన్న బైటుతో, కొన్ని పెద్ద బైటుతో మొదలుపెడతాయి. ఈ వరస చూసుకోకుండా రాసిన కోడ్‌ను మరో యంత్రానికి తీసుకెళ్తే యూ, ఎన్, ఐ, ఎక్స్ అని రావలసిన అక్షరాలు ఎన్, యూ, ఎక్స్, ఐ అని తారుమారై వస్తాయి. నేటి ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ దాదాపు అన్నీ చిన్న బైటుతో మొదలుపెట్టే రకమే. ఆ యంత్రాల మీద మాత్రమే పరీక్షించే ప్రోగ్రామర్ ఈ తప్పు చేసినా అతనికి ఎన్నడూ తెలియదు. స్పార్క్ మీద నడిపితే మొదటి పూటే బయటపడుతుంది.

పోర్ట్ చేయడమంటే నిజానికి ఏమేం చేయాలో బయటివాళ్లకు అంతగా తెలియదు. కరెంటు ఇచ్చాక చిప్పులోని తొలి ప్రోగ్రాము కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చి పక్కకు తప్పుకుంటుంది. అక్కడి నుంచి అంతా కెర్నల్ పూచీ. మెమరీ పేజీల పట్టిక ఎక్కడుందో ప్రాసెసర్‌కు చెప్పాలి. గడియారం, కీబోర్డు, నెట్‌వర్క్ కార్డు అంతరాయం కలిగించినప్పుడు ఎక్కడికి దూకాలో నేర్పాలి. ఒక ప్రోగ్రాము నుంచి మరోదానికి మారేటప్పుడు రిజిస్టర్లలో ఉన్నదంతా భద్రంగా దాచి, మళ్లీ సరిగ్గా నింపాలి. రెండు ప్రాసెసర్లు ఒకే చోట రాయబోతే తగవు తీర్చే తాళాలు కావాలి. ఇవన్నీ ఆ చిప్పు సొంత ఆదేశాల్లోనే, వాటి సూక్ష్మాలన్నీ తెలుసుకుని రాయాలి. తరువాత కంపైలర్, సీ లైబ్రరీ, ఆపైన వేలకొద్దీ ప్యాకేజీలు. ఈ పనిలో చిప్పుకు మాత్రమే చెందినదేదో, అన్ని చిప్పులకూ పనికొచ్చేదేదో గీత గీసి విడదీయడంలోనే నేర్పంతా ఉంది. ఆ గీతను నెట్‌బీఎస్‌డీ అనే యునిక్స్ తరహా వ్యవస్థ గీసినంత శుభ్రంగా మరెవరూ గీయలేదు. అందులో ఒక నెట్‌వర్క్ కార్డుకు డ్రైవర్ ఒకసారి రాస్తే చాలు, అదే కోడ్ ఆల్ఫా మీదా, స్పార్క్ మీదా, మామూలు పీసీ మీదా నడుస్తుంది. యాభైకి పైగా రకాల యంత్రాల మీద ఆ వ్యవస్థ నడవడానికి కారణం అదే.

లినక్స్ కథలో ఈ పాఠం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్‌ను ప్రపంచానికి పరిచయం చేసినప్పుడు, అది ఇంటెల్ 386కే కట్టుబడిందని, వేరే యంత్రాలకు తరలదని తానే చెప్పారు. 1994లో డెక్ ఉద్యోగి జాన్ హాల్ ఆయనను కలిసి, కంపెనీని ఒప్పించి ఒక ఆల్ఫా యంత్రాన్ని ఇప్పించారు. ఆల్ఫా 64 బిట్ల చిప్పు. 32 బిట్ల ఇంటెల్‌ను నమ్ముకుని రాసుకున్న ఊహలన్నీ దాని మీద పటాపంచలయ్యాయి. పాయింటర్ ఎంత పొడవుండాలి, పేజీ ఎంత పెద్దది, పేజీల పట్టికలో ఎన్ని అంతస్తులుండాలి అనే ప్రతి ప్రశ్ననూ మళ్లీ మొదటి నుంచి ఆలోచించి కెర్నల్‌ను కొత్తగా కూర్చవలసి వచ్చింది. 1995 మార్చిలో వచ్చిన 1.2 విడుదలలో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ మూడూ చేరాయి.

ఆ శ్రమ ఎనిమిదేళ్ల తరువాత అక్కరకొచ్చింది. 2003 ఏప్రిల్‌లో ఏఎండీ తన 64 బిట్ల ఆప్టెరాన్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు లినక్స్ అప్పటికే సిద్ధంగా ఉంది. డెస్క్‌టాప్ వాడుకరుల కోసం మైక్రోసాఫ్ట్ 64 బిట్ల విండోస్ ఎక్స్‌పీని అదే రకం చిప్పులకు విడుదల చేసింది 2005 ఏప్రిల్‌లో. ఆ రెండేళ్ల ఆధిక్యం వెనుక ఆల్ఫా మీద కూర్చుని 64 బిట్ల తప్పులను ఒక్కొక్కటిగా ఏరిన మనుషులున్నారు. ఈ రోజు హైదరాబాద్ హైటెక్ సిటీలోని సర్వర్లలో 64 బిట్ల లినక్స్ నడుస్తోందంటే, దాని తొలి పునాది పడింది ఇప్పుడు గడువు ఎదుర్కొంటున్న ఆ చిప్పు మీదే.

ఆల్ఫా సుఖపెట్టే చిప్పు మాత్రం కాదు. తొలి తరాల ఆల్ఫాల్లో మెమరీలోకి ఒక్క బైటును విడిగా రాసే ఆదేశమే లేదు. చుట్టుపక్కల బైట్లతో సహా చదివి, కావలసినదాన్ని మార్చి, మొత్తం తిరిగి రాయాలి. ఈ మధ్యలో పక్క బైటును మరో ప్రోగ్రాము మార్చి ఉంటే ఆ మార్పు చెరిగిపోతుంది. ఇక మెమరీ క్రమం సంగతి మరీ ఇబ్బంది. ఒక చిరునామాను చదివి, ఆ చిరునామాలో ఉన్నదాన్ని చదివితే, కొత్త చిరునామా వచ్చినా పాత సమాచారమే చేతికి రావచ్చు. మరే ప్రధాన ప్రాసెసరూ అంత స్వేచ్ఛ తీసుకోలేదు. ఈ ఒక్క చిప్పు కోసమే లినక్స్‌లో ఏళ్ల తరబడి ఒక ప్రత్యేక అడ్డుకట్ట ఆదేశాన్ని కోడ్‌లో అక్కడక్కడా రాసుకోవలసి వచ్చింది.

చివరికి 2024లో వచ్చిన లినక్స్ 6.10లో, బైటు రాసే ఆదేశం లేని తొలి తరం ఆల్ఫాలకు మద్దతు తీసేశారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. ఒక యంత్రం లోపం ఆ పోర్టు హద్దు దాటి, ప్రతి డెవలపరూ ప్రతి చోటా గుర్తుపెట్టుకోవలసిన నియమంగా మారినప్పుడు దాన్ని తప్పించే హక్కు నిర్వాహకులకు ఉంది. పైగా ఆదేశం ఉన్న తరువాతి ఆల్ఫాలు కెర్నల్‌లోనే ఉన్నాయి. 2018లో లినక్స్ 4.17 ఒకేసారి ఎనిమిది ప్రాసెసర్ కుటుంబాలను వదులుకుంది: బ్లాక్‌ఫిన్, క్రిస్, ఎఫ్‌ఆర్‌వీ, ఎం32ఆర్, మెటాగ్, ఎంఎన్10300, స్కోర్, టైల్. దాదాపు 5 లక్షల లైన్ల కోడ్ పోయింది. వాటిని పట్టించుకునే దిక్కు లేకుండా పోయింది గనుక ఆ నిర్ణయమూ సరైనదే. అడిగేవాళ్లొస్తే తలుపు తెరుస్తారన్న దానికీ ఉదాహరణ ఉంది. ఒకసారి తొలగించిన హెచ్8/300ను, చూసుకుంటామని ముందుకొచ్చినవాళ్లు ఉన్నందువల్ల మళ్లీ చేర్చుకున్నారు. నిర్వాహకులు మళ్లీ మాయమయ్యాక 2022లో మళ్లీ తీసేశారు. చూసుకునే మనిషి ఉంటే ఉంచడం, లేకపోతే తీసేయడం. ఈ నియమం అందరికీ అర్థమయ్యేది, అందరికీ ఒకేలా వర్తించేది.

రస్ట్ గడువు ఆ నియమాన్ని పాటించడం లేదు. ఆల్ఫా, పీఏ-రిస్క్, సూపర్‌హెచ్ మూడింటికీ లినక్స్‌లో చూసుకునేవాళ్లు ఉన్నారు. జీసీసీ కంపైలర్ వాటికి కోడ్ తయారు చేస్తుంది. అడ్డంకి ఒక్కటే. రస్ట్ కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎం అనే మరో వ్యవస్థ మీద నిలబడి ఉంది, అందులో ఈ మూడింటికీ చోటు లేదు. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 2021 ఫిబ్రవరిలో పైథాన్‌కు చెందిన క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ రస్ట్‌ను తప్పనిసరి చేసినప్పుడే అరుదైన యంత్రాలవాళ్లకు అది తగిలింది. ప్రోగ్రామర్లందరూ కోడ్ మార్పులను భద్రపరచడానికి వాడే గిట్ కూడా 3.0 నుంచి రస్ట్ తప్పనిసరి అంటోంది. రస్ట్ మంచి భాషే. సీలో దశాబ్దాలుగా పీడించిన మెమరీ తప్పులను కంపైల్ చేసే దశలోనే పట్టుకుంటుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లను విప్పి చదివే ఆప్ట్ వంటి సాధనానికి ఆ రక్షణ అవసరం కూడా. అయితే భద్రత కావాలంటే వైవిధ్యాన్ని వదులుకోవాలన్న వాదన నిలవదు. ఇందుకు ఓపెన్‌బీఎస్‌డీ కంటే మంచి సాక్ష్యం దొరకదు.

1995లో థియో డి రాట్ మొదలుపెట్టిన ఓపెన్‌బీఎస్‌డీకి భద్రతే మొదటి గురి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆ ఇంట పుట్టిందే. సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రతి ఇంజినీరూ దాన్ని వాడుతున్నట్టే లెక్క. అంత జాగ్రత్తపరులు అరుదైన ప్రాసెసర్లను వదిలించుకోకపోగా పనిగట్టుకుని అట్టేపెట్టుకున్నారు. ఆల్ఫా, పీఏ-రిస్క్, 64 బిట్ల స్పార్క్, మిప్స్ కుటుంబానికి చెందిన లూంగ్‌సన్, సూపర్‌హెచ్ యంత్రాలు వాళ్ల జాబితాలో ఉన్నాయి. జపాన్‌కు చెందిన ఓమ్రాన్ ఎప్పుడో తయారు చేసిన లూనా-88కే కూడా ఉంది. అందులో మోటరోలా 88000 చిప్పు, దాని కోసం పాత జీసీసీని ఇప్పటికీ సాకుతున్నారు. కారణం అభిమానం ఒక్కటే కాదు, బగ్గుల వేట. స్పార్క్ సరైన హద్దు మీద లేని చిరునామాను చదవనివ్వదు, అక్కడికక్కడే ప్రోగ్రామును ఆపేస్తుంది. ఇంటెల్ చిప్పు దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది. పీఏ-రిస్క్‌లో స్టాక్ కిందికి కాకుండా పైకి పెరుగుతుంది. దాంతో ఒక బఫర్ పొంగితే నాశనమయ్యేది వేరే చోటు. పీసీ మీద ఏళ్లతరబడి మౌనంగా ఉన్న తప్పు అక్కడ కళ్లముందు కూలుతుంది. బయటపడ్డ తప్పును అందరి కోడ్‌లోనూ సరిచేస్తారు. అంటే ఎక్కడో ఒక పాత స్పార్క్ మీద దొరికిన లోపం సరిదిద్దినందువల్ల, ఆ స్పార్క్ పేరే వినని వ్యక్తి పీసీ భద్రమవుతుంది.

ఈ పని చవగ్గా అవుతుందని ఎవరూ అనరు. ఓపెన్‌బీఎస్‌డీ యంత్రాలు చాలాకాలం డి రాట్ ఇంటి నేలమాళిగలోనే నడిచాయి. 2014 జనవరి నాటికి ఏడాది కరెంటు బిల్లు 20,000 డాలర్లకు చేరి, కట్టలేక విరాళాలు అడగవలసి వచ్చింది. పాత చిప్పులను ఆపేస్తే సరిపోతుంది కదా అని అప్పుడూ చాలామంది సలహా ఇచ్చారు. ప్రాజెక్టు ఆ సలహా తీసుకోలేదు. దాతలు ముందుకొచ్చారు, యంత్రాలు నడిచాయి. ప్రపంచంలోని అతిపెద్ద కంపెనీలు తమ సర్వర్లలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను ఉచితంగా వాడుకుంటున్న రోజుల్లో, దాన్ని రాసినవాళ్లు కరెంటు బిల్లు కోసం చేయి చాచవలసి రావడం కంప్యూటర్ పరిశ్రమకు సిగ్గుచేటు.

పాత హార్డ్‌వేర్ అవసరం లేదు, క్యూఈఎంయూ ఎమ్యులేటర్ ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ గొప్పదే. నేర్చుకోవడానికీ, కంపైల్ చేసి చూడటానికీ అంతకు మించినది లేదు. అయితే ఆల్ఫా మెమరీ క్రమం వంటివి పీసీ మీద నడిచే ఎమ్యులేటర్‌లో అచ్చంగా అలాగే రావు. అసలు చిప్పు చేసే అల్లరి అసలు చిప్పే చేయాలి.

అరుదైనదంతా అరుదుగానే ఉండిపోతుందన్న నమ్మకం కూడా చరిత్ర ముందు నిలవదు. 1985లో ఇంగ్లండ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ బృందం తొలి ఆర్మ్ చిప్పును నడిపించింది. ఆ కంపెనీ తన ఆర్కిమిడీస్ యంత్రాల కోసం రిస్క్ ఐఎక్స్ పేరుతో ఒక యునిక్స్ తెచ్చింది, అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1994లో రసెల్ కింగ్ ఆర్మ్‌కు లినక్స్‌ను తరలించడం మొదలుపెట్టినప్పుడు ఆ చిప్పు సర్వర్ల లోకంలో ఎవరికీ పట్టనిది. పద్నాలుగేళ్ల తరువాత ఆండ్రాయిడ్ ఫోను వచ్చినప్పుడు దాని అడుగున ఉన్నది ఆర్మ్ మీది లినక్సే. వాడుకరుల సంఖ్య చూసి 1995లో ఎవరైనా ఆ పోర్టును కొట్టేసి ఉంటే, ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా ఈ రోజు కోట్లమంది చేతుల్లో ఉన్న ఫోను మరోలా ఉండేది.

చనిపోయిందనుకున్న చిప్పు తిరిగి లేచిన సందర్భాలూ ఉన్నాయి. హిటాచీ సూపర్‌హెచ్ పేటెంట్ల గడువు తీరాక 2015లో కొందరు ఇంజినీర్లు ఎస్‌హెచ్-2 ఆదేశాల మీదే జే2 పేరుతో ఎవరైనా వాడుకోగల ప్రాసెసర్‌ను తయారు చేశారు. కొత్త ఆదేశాల సమితి కనిపెట్టకుండా దీన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, జీసీసీలోనూ లినక్స్‌లోనూ సూపర్‌హెచ్ కోడ్ అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ కోడ్‌ను ఎవరో ఒకరు సాకుతూ వచ్చారు గనుకే ఆ అవకాశం మిగిలింది.

మన దేశానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. సన్‌ను 2010లో కొన్న ఒరాకిల్, 2017లో స్పార్క్ ఇంజినీర్లను పెద్ద సంఖ్యలో ఇంటికి పంపింది. స్పార్క్ శకం ముగిసిందని అందరూ రాశారు. 2025 మార్చిలో ఇస్రోకు చెందిన విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, చండీగఢ్‌లోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి రూపొందించిన రెండు ప్రాసెసర్లు వెలుగులోకి వచ్చాయి. వాటిలో కల్పన 3201 అనేది స్పార్క్ వీ8 ఆదేశాల సమితితో నడిచే 32 బిట్ల రిస్క్ చిప్పు. రాకెట్లో యునిక్స్ నడపడానికి దాన్ని చేయలేదు. కానీ దానికి కావలసిన కంపైలర్, లింకర్ వంటివి కొనకుండా, మొదటి నుంచి రాసుకోకుండా, ఓపెన్ సోర్స్ సాధనాలతో పని జరుపుకోవచ్చు. స్పార్క్ కోసం జీసీసీ ఇన్నేళ్లూ బతికి ఉన్నది యూరప్ అంతరిక్ష సంస్థ ఊతంతో పుట్టిన లియాన్ చిప్పుల వాడుకరుల వల్ల, పాత సన్ యంత్రాల మీద లినక్స్, బీఎస్‌డీ నడిపే అభిమానుల వల్ల. ఒక దేశపు అంతరిక్ష కార్యక్రమం ఆసరా తీసుకున్న కోడ్‌ను పాతసామాను అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

చైనా ఈ సంగతిని మనకంటే ముందే గ్రహించింది. 2015 ఏప్రిల్‌లో చైనా సూపర్ కంప్యూటర్ కేంద్రాలకు ఇంటెల్ జియాన్ చిప్పుల ఎగుమతికి అమెరికా అడ్డుపడితే, 2016 జూన్‌లో సన్‌వే తైహులైట్ సూపర్ కంప్యూటర్ ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. అందులోని షెన్‌వే చిప్పులు సొంతవి, వాటి మీద నడిచిన వ్యవస్థకు ఆధారం లినక్స్. ఎవరికీ తెలియని చిప్పు మీద యునిక్స్ నిలబెట్టగల మనుషులు చేతిలో ఉండబట్టే పద్నాలుగు నెలల్లో ఆ జవాబు ఇవ్వగలిగారు.

అలాంటి మనుషులు హైదరాబాద్‌లో ఒకప్పుడు ఉన్నారు. డీఆర్‌డీవో 1988లో ఇక్కడ నెలకొల్పిన అనురాగ్ ప్రయోగశాల అనుపమ పేరుతో 33 మెగాహెర్ట్జ్ రిస్క్ ప్రాసెసర్‌ను తయారు చేసింది. దానికి మెమరీ నిర్వహణ విభాగం చేర్చి అబాకస్ అనే మరో ప్రాసెసర్‌ను రూపొందించి, దాని మీద లినక్స్ కెర్నల్‌ను నడిపించింది. ప్రపంచంలో మరెక్కడా లేని చిప్పు మీద, మన ఊళ్లో, లినక్స్ లేచి నిలబడింది. హైదరాబాద్ ఐటీ ఘనత గురించి జరిగే సభల్లో ఈ మాట వినిపించకపోవడం బాధాకరం. సేవల ఎగుమతుల లెక్కలకంటే ఇది చిన్న పనేమీ కాదు. 2018లో ఐఐటీ మద్రాస్‌లో వి. కామకోటి బృందం రూపొందించిన శక్తి ప్రాసెసర్ మీద లినక్స్ నడిచినప్పుడు పత్రికలన్నీ గుర్తించాయి. శక్తికి బర్కిలీలో 2010లో పుట్టిన రిస్క్-ఫైవ్ ఆదేశాల సమితి ఆధారం. కంపైలర్, కెర్నల్ ప్రపంచమంతా కలిసి రాస్తున్నవి కాబట్టి ఆ బృందం చిప్పు మీదే మనసు పెట్టగలిగింది. అనుపమకు ఆ వెసులుబాటు లేదు.

కేంద్రం 2022లో ప్రకటించిన డిర్-వీ కార్యక్రమం కింద రిస్క్-ఫైవ్ చిప్పులకు డబ్బు వస్తోంది. సి-డాక్ వేగా పేరుతో మరో వరుస ప్రాసెసర్లను తెచ్చింది. ఈ ఉత్సాహంలో ఒక లోటు ఉంది. చిప్పు తయారీకి దొరికే నిధులు, దాని కోసం కెర్నల్‌లోనూ కంపైలర్‌లోనూ రాసిన కోడ్‌ను అంతర్జాతీయ ప్రాజెక్టుల ప్రధాన శాఖలోకి చేర్చి ఏళ్ల తరబడి చూసుకోవడానికి దొరకవు. అలా చేర్చని కోడ్ ఒక పాత కెర్నల్ వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది. 2018లో లినక్స్ వదులుకున్న ఎనిమిది కుటుంబాలకూ మంచి ఇంజినీర్లే ఉండేవాళ్లు. వాటిని తయారు చేసిన కంపెనీలు మనసు మార్చుకున్నాక కోడ్‌కు నాథుడు లేకుండా పోయాడు. శక్తికీ వేగాకూ ఆ గతి పట్టకూడదంటే పోర్టు నిర్వాహకుడి ఉద్యోగాన్ని చిప్పు డిజైనర్ ఉద్యోగంతో సమానంగా చూసి జీతమివ్వాలి.

రస్ట్ విషయంలో దారి మూసుకుపోలేదు. జీసీసీ మీద రస్ట్‌ను నడిపించే ప్రయత్నాలు రెండు సాగుతున్నాయి. ఒకటి జీసీసీలోనే రస్ట్‌కు కొత్త ముందుభాగం రాయడం, రెండోది ఉన్న రస్ట్ కంపైలర్‌కు వెనుకభాగంగా జీసీసీని తగిలించడం. ఏది పూర్తయినా ఆల్ఫా, పీఏ-రిస్క్, సూపర్‌హెచ్ మూడింటికీ ఒకేసారి తలుపు తెరుచుకుంటుంది. డెబియన్ తన గడువును క్యాలెండర్‌కు కాకుండా ఈ పని పూర్తికి ముడిపెట్టి ఉంటే బాగుండేది. పనిచేసే నిర్వాహకులున్న పోర్టుకు ఆరు నెలల నోటీసు ఇవ్వడం, కంపైలర్ రాయడమంటే ఏమిటో తెలిసినవాళ్లు చేయవలసిన పని కాదు. రస్ట్‌కు ఉదారంగా డబ్బిస్తున్న పెద్ద కంపెనీలు ఈ రెండు ప్రయత్నాలకు పూర్తికాలం పనిచేసే నలుగురు ఇంజినీర్లను ఇస్తే వాటి లెక్కల్లో ఆ ఖర్చు కనిపించను కూడా కనిపించదు.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలలకు ఇక్కడ చేయదగ్గ పని చాలా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం మన దగ్గర బోర్డు మీద బొమ్మలతో మొదలై పరీక్షతో ముగుస్తుంది. చివరి ఏడాది ప్రాజెక్టులు ఏటా అవే తిరుగుతుంటాయి. క్యూఈఎంయూ ఉచితం. దాని మీద పీఏ-రిస్క్ డెబియన్‌నో, 64 బిట్ల స్పార్క్ మీద నెట్‌బీఎస్‌డీనో నిలబెట్టడానికి మామూలు ల్యాబ్ కంప్యూటర్ చాలు. అసలు హార్డ్‌వేర్ కావాలంటే, ఓపెన్ సోర్స్‌కు పనిచేసేవాళ్లకు స్పార్క్, పవర్, రిస్క్-ఫైవ్ యంత్రాల మీద ఖాతాలిచ్చే జీసీసీ కంపైల్ ఫార్మ్ ఉంది. ఏ ప్యాకేజీ ఏ ప్రాసెసర్ మీద ఎందుకు కంపైల్ కాలేదో డెబియన్ బహిరంగంగానే ఉంచుతుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇద్దరు విద్యార్థులు ఆ జాబితా నుంచి ఒక ప్యాకేజీని ఎంచుకుని, బైట్ల వరస తప్పిందో, హద్దు తప్పిన చిరునామా ఉందో కనిపెట్టి, సరిచేసి, ప్యాచ్ పంపించి, నిర్వాహకులు అడిగిన మార్పులు చేసి ఒప్పించారనుకోండి. విశ్వవిద్యాలయం దాన్ని చివరి ఏడాది ప్రాజెక్టుగా అంగీకరించాలి. బైండు చేసిన నివేదిక అడగకుండా, చేరిన ప్యాచ్‌ను చూసి మార్కులు వేయాలి.